పూసల కమ్మలు కొన్నాను, "ఎవరు చేశారు?" అని అడిగితే నోరు పెగల్లేదు

వాణి_విన్నిపెగ్ | సెప్టెంబరు 23, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజులకి వచ్చాను, నల్లపూస అయిపోయావని తిట్టకండి.

నేను ఇక్కడ ఒక డేకేర్‌లో పనిచేస్తాను. సెప్టెంబరు 30న ఆరెంజ్ షర్ట్ డే కదా. కెనడా బయట ఉన్నవాళ్ళ కోసం చెప్తున్నాను. 1973లో ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆరేళ్ళ పాపకి వాళ్ళ అమ్మమ్మ నారింజ రంగు చొక్కా కొనిచ్చింది. ఆదివాసీ పిల్లల్ని ఇంటి నుంచి బలవంతంగా తీసుకెళ్ళి పెట్టే రెసిడెన్షియల్ స్కూల్లో మొదటి రోజే ఆ చొక్కా లాగేసుకున్నారు, మళ్ళీ ఇవ్వలేదు. ఆవిడ పెద్దయ్యాక ఆ సంగతి చెప్పుకున్నారు. 2013 నుంచి ఆ రోజు అందరూ నారింజ చొక్కా వేసుకుంటున్నారు.

దానికి మ్యాచింగ్‌గా ఉంటాయని ఆన్‌లైన్లో పూసల కమ్మలు కొన్నాను. నారింజ, నలుపు రంగుల్లో ఈక డిజైన్. "నేటివ్ చేతిపని" అని రాశారు, 14 డాలర్లు. ఈ సోమవారం పెట్టుకెళ్ళాను. మా దగ్గర ఒక పెద్దావిడ పనిచేస్తారు, మేటీ అనే ఆదివాసీ సమూహం ఆవిడది. చూసి "బాగున్నాయి, ఎవరు చేశారు?" అన్నారు. నేను వెబ్‌సైట్ పేరు చెప్పాను. ఆవిడ "ఓహో" అని ఊరుకున్నారు.

మధ్యాహ్నం టీ దగ్గర తన కమ్మలు తీసి నా చేతిలో పెట్టారు. వెనక్కి తిప్పి చూడమన్నారు. వెనక తోలు, అంచు చుట్టూ ఒక్కో పూసా పట్టి కుట్టిన కుట్టు. నావి తిప్పి చూస్తే కుట్టు లేదు, జిగురు! పూసలు కూడా గాజువి కావు, ప్లాస్టిక్. ఆవిడ ఒక్క మాట కూడా తప్పుగా అనలేదు. మా వాళ్ళలో పూసలు చూడగానే ఎవరు చేశారని అడుగుతాం, అంతే, అన్నారు. మన ఊళ్ళో కొత్త పిల్ల కనిపిస్తే "ఎవరమ్మాయివే?" అని అడగరూ, అలా అనిపించింది నాకు.

అప్పట్నుంచి ఒకటే ఆలోచన. అసలు మనం పెట్టుకోవచ్చా? ఆ గుర్తులకి అర్థాలేంటి? ఎవరికైనా తెలిస్తే కాస్త పూసగుచ్చినట్టు చెప్పండి.

బ్రాంప్టన్_బుల్లోడు | సెప్టెంబరు 23, రాత్రి 10:15

వాణి గారూ, దీనికి ఇంత టెన్షన్ ఎందుకండీ. రెడ్ ఇండియన్స్ డిజైన్ నచ్చింది, కొన్నారు, పెట్టుకున్నారు. వాళ్ళు మన బొట్టు, గోరింటాకు పెట్టుకుంటే మనం సంతోషిస్తాం కదా. నేనూ ఒకసారి ఇక్కడ పవ్వావ్‌కి (వాళ్ళ ఆటపాటల పండుగ) వెళ్ళాను. జత కమ్మలు 120 డాలర్లన్నారు. పూసలకి! మా చిన్నప్పుడు పూసలోళ్ళు బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చి రూపాయికి దండ ఇచ్చేవాళ్ళు.

సూదీదారం | సెప్టెంబరు 24, ఉదయం 7:05

బుల్లోడు గారూ, ముందు ఆ "రెడ్ ఇండియన్స్" మాట వదిలేద్దాం. మన పాఠాల్లో ఉండేది, మనమంతా అలాగే నేర్చుకున్నాం, మీ తప్పు కాదు. ఇక్కడ ఫస్ట్ నేషన్స్, మేటీ, ఇనూయిట్ అని మూడు వేర్వేరు సమూహాలు. వీలైతే క్రీ, అనిషినాబే, లకోటా అని జాతి పేరే చెప్పడం ఇంకా మంచిది. మనల్ని ఎవరైనా "మద్రాసీ" అంటే ఎంత మండుతుంది?

ఇక 120 డాలర్ల లెక్క. నేను సాస్కటూన్‌లో ఆరేళ్ళుగా సరదాకి పూసలు కుడుతున్నాను, నాకు నేర్పింది ఒక క్రీ స్నేహితురాలు. మామూలుగా వాడే పూస 11 నంబరు, అడ్డం దాదాపు 2 మిల్లీమీటర్లు. నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది, 13 అంటే ఇంకా సన్నం. పూల డిజైన్లకి రెండు సూదులు కావాలి. ఒక సూదితో పూసలు ఎక్కించి గీత మీద పరుస్తారు. రెండో సూది కింద నుంచి వచ్చి రెండు పూసలకోసారి ఆ దారాన్ని పట్టి కుడుతుంది. రూపాయి బిళ్ళంత పువ్వుకి నాకు ఒక సాయంత్రం పడుతుంది. చేయి తిరిగిన వాళ్ళకి కూడా మంచి కమ్మల జత అంటే ఎనిమిది, పది గంటలు. దాని మీద తోలు, పూసలు, కొక్కేల ఖర్చు. పోనీ మీరే చెప్పండి, ఒంటారియోలో గంటకి కనీస వేతనం ఎంత? ఆ లెక్కన 120 డాలర్లంటే ఆవిడ మీకు తగ్గించే చెప్పింది.

వాణీ, పెట్టుకోవచ్చా అంటే, అమ్మకానికి చేసినవి అందరూ పెట్టుకోవడానికే. చేసినవాళ్ళ దగ్గర కొని, పేరు అడిగి గుర్తుపెట్టుకో, అంతే. పెట్టుకోకూడనివీ కొన్నున్నాయి. గద్ద ఈకలు, ఈకల తలపాగా సంపాదించుకోవాల్సిన గౌరవాలు. అవి ఫ్యాషన్ కాదు.

తండా_బిడ్డ | సెప్టెంబరు 24, ఉదయం 11:30

మామూలుగా ఇక్కడ చదివి వెళ్ళిపోతుంటాను. ఈ చర్చ చూసి ఆగలేకపోయాను.

మాది దేవరకొండ దగ్గర తండా. మా నాయనమ్మ పేటియా (లంగా), కాంచళి (రవిక), టుక్రి (తల మీద కప్పుకునే ఓణీ) వేసుకునేది. కాంచళి మీద అద్దాలు, గవ్వలు, పూసలు, వెండి బిళ్ళలు, అన్నీ తన చేత్తో కుట్టుకున్నవే. ఒక్క టుక్రి అంచుకి ఒక ఎండాకాలం పట్టిందని చెప్పేది. బస్సెక్కితే పక్కన కూర్చోకుండా లేచి నిలబడేవాళ్ళని కూడా చెప్పేది. మా అమ్మ హైదరాబాద్ వచ్చాక చీరలోకి మారిపోయింది. ఎందుకని అడగక్కర్లేదు కదా.

ఇప్పుడు చూడండి, అదే అద్దాల పని "బోహో" అని మాల్‌లో వేలకి వేలు. మిషన్ కుట్టు, ప్లాస్టిక్ అద్దం, ఎక్కడా లంబాడీ అన్న మాట ఉండదు. మా కాలేజీ ఫెస్ట్‌లో "బంజారా థీమ్" పెట్టి అందరూ వేసుకున్నారు, ఫొటోలు దిగారు. ఆ రోజే నేను మా నాయనమ్మ కాంచళి వేసుకెళ్ళి ఉంటే ఎలా చూసేవాళ్ళో నాకు తెలుసు.

బుల్లోడు అన్నా, బొట్టు పెట్టుకుంటే సంతోషిస్తాం అన్నారు కదా. బొట్టు పెట్టుకున్నందుకు మీ అమ్మని ఎవరూ బడిలో కొట్టలేదు. ఆ రెసిడెన్షియల్ స్కూళ్ళల్లో ఆదివాసీ పిల్లల్ని కొట్టారు. తేడా అక్కడుంది.

బ్రాంప్టన్_బుల్లోడు | సెప్టెంబరు 24, మధ్యాహ్నం 1:02

తండా_బిడ్డ గారూ, ఆ కోణం నాకు తట్టలేదు. సారీ. ఆ పదం కూడా ఇక వాడను.

అయితే ఒక సందేహం మాత్రం ఉంది, ఎగతాళి కాదు. ఈ గాజు పూసలు యూరప్ వాళ్ళు తెచ్చినవే కదా? బొచ్చు తోళ్ళకి బదులు పూసలిచ్చారని చదివాను. మరి ఇది "సంప్రదాయం" ఎలా అయింది?

కాళహస్తి_మూర్తి | సెప్టెంబరు 24, రాత్రి 8:20

బాబూ, మిరపకాయ మన దేశానికి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చింది. అంతకుముందు మనవాళ్ళకి కారమంటే మిరియాలే. అలాగని ఆవకాయ లిస్బన్ వంటకం అంటామా?

నేను రిటైర్డు మాస్టారిని, ఈ పూసల మాట వినగానే మా పక్క ఊరు గుర్తొచ్చింది. కాళహస్తికి దగ్గర్లో పాపానాయుడుపేట అని ఉంది. గాజు పూసలకి పేరు. కొలిమిలో కరిగిన గాజు ముద్దలోంచి సన్నటి బోలు గొట్టం లాగేవాళ్ళు. లాగుతున్నప్పుడే లోపలి బెజ్జం కూడా దానితో పాటు సాగుతుంది. దాంట్లోంచే తర్వాత మనం దారం ఎక్కించుకుంటాం. ఆ గొట్టాన్ని చిన్న ముక్కలుగా తరిగి, పదునైన అంచులు మెత్తబడేలా మళ్ళీ వేడి చేస్తే పూస. అరికమేడులో తవ్వకాల్లో దొరికిన రెండు వేల ఏళ్ళ నాటి పూసలు కూడా ఇలా గొట్టం లాగి చేసినవే. సముద్రం మీద తూర్పు దేశాలదాకా పోయాయి.

మన పూసలు అమెరికా వెళ్ళాయని చెప్పడం లేదు నేను. అక్కడికి వెళ్ళినవి ఎక్కువగా వెనిస్ నుంచి, తర్వాత బొహీమియా నుంచి, అంటే ఇప్పటి చెక్ దేశం. కానీ పూస చేసినవాడు వేరు, దానితో మాట చెప్పినవాడు వేరు. బలపం ఏ కంపెనీదైతేనేం, పద్యం రాసినవాడిదే కదా.

సూదీదారం | సెప్టెంబరు 24, రాత్రి 9:10

మాస్టారి ఆవకాయ పోలికకి నా ఓటు.

ఇంకోటి. గాజు రాకముందు కూడా ఈ పని ఉంది. ముళ్ళపంది ముళ్ళని నానబెట్టి, చదును చేసి, రంగులద్ది తోలు మీద కుట్టేవాళ్ళు. ఇప్పటికీ కుడుతున్నారు. 2024 ఆస్కార్‌కి నటి లిలీ గ్లాడ్‌స్టోన్ వేసుకున్న గుచ్చీ గౌను మీద ముళ్ళ పని జో బిగ్ మౌంటెన్ అనే కళాకారుడిది. ఇక తూర్పున హౌడెనొషోనీ అనే ఆదివాసీ జాతుల కూటమి వాళ్ళకి వాంపమ్ ఉంది. అది గవ్వ పూస. తెల్లవి శంఖం లాంటి గుల్లలోంచి, ఊదావి క్వాహాగ్ అనే ఆల్చిప్పలోంచి తీస్తారు. వాటితో అల్లిన పట్టీలు నగలు కావు, ఒప్పందాలు. "రెండు వరసల వాంపమ్" అని ఒకటుంది. తెల్ల నేల మీద రెండు ఊదా చారలు, ఒకటి వాళ్ళ పడవ, ఒకటి వచ్చినవాళ్ళ ఓడ. ఒకే నదిలో పక్కపక్కనే పోతాం, ఒకరి చుక్కాని ఒకరు పట్టుకోం అని అర్థం. డచ్చి వాళ్ళతో 1613లో కుదిరిన మాట అని చెప్పుకుంటారు. దాన్ని ఎవరు నిలబెట్టుకున్నారో ఎవరు లేదో మనకి తెలుసు.

అంటే పూసలో మాట దాచడం వాళ్ళకి కొత్త కాదు. గాజు వచ్చాక రంగులు పెరిగాయి, అంతే.

వాణీ, గుర్తుల గురించి అడిగావు. అన్నిటికీ ఒకే నిఘంటువు ఉండదు, జాతిని బట్టి, కుటుంబాన్ని బట్టి మారతాయి. నాకు చెప్పినవే చెప్తాను. అనిషినాబే భాషలో స్ట్రాబెర్రీని ఒడెయిమిన్ అంటారు, "గుండె పండు". ఆకారమూ గుండెలాంటిదే కదా, ప్రేమకి, సర్దుబాటుకి గుర్తు. మైదాన ప్రాంతాల వాళ్ళలో బిడ్డ బొడ్డుతాడు దాచే చిన్న పూసల సంచి ఉంటుంది, తాబేలు ఆకారంలో ఒకటి, బల్లి ఆకారంలో ఒకటి. తాబేలు దీర్ఘాయువు. (మన బొడ్డుతాడు తాయెత్తులు గుర్తొచ్చాయా?) మేటీ వాళ్ళనైతే చుట్టుపక్కల జాతులు "పూల పూసల జనం" అని పిలిచేవి. వాళ్ళ పూల కాడల పక్కన సన్నగా చుక్కలు చుక్కలుగా పూసలు పోతాయి, వాటిని "ఎలుక అడుగులు" అంటారు. ఆ మాట నాకు ఎంత ఇష్టమో. మీ డేకేర్ ఆవిడ కమ్మల మీద ఉన్నాయేమో చూడు.

మినియాపొలిస్_శ్రీ | సెప్టెంబరు 25, ఉదయం 6:50

ఈ చర్చలో ఒకటి వదిలేస్తున్నాం. పాత డిజైన్ల సంగతే మాట్లాడుతున్నారు, ఇప్పుడు జరుగుతున్నది ఇంకా గట్టిగా ఉంది.

మా ఊరి ఆర్ట్ మ్యూజియంలో జేమీ ఓకుమా అనే ఆదివాసీ కళాకారిణి చేసిన బూట్లున్నాయి. 2012 నాటివి, పేరు "అడాప్టేషన్ 2". ఎర్ర అట్టకి పేరుపడ్డ లూబుటాన్ హైహీల్స్ తీసుకుని మడమ దాకా పూసలతో కప్పేసింది. మొదటిసారి చూసినప్పుడు పది నిమిషాలు కదల్లేదు నేను, మా ఆవిడ కాఫీకి వెళ్ళిపోయింది. పూసలు ఆ వంపులో ఎక్కడా ముడత పడకుండా ఎలా కూర్చున్నాయో నాకిప్పటికీ అర్థం కాదు. అదే మ్యూజియంలో 2019లో ఆదివాసీ స్త్రీ కళాకారుల మీద పెద్ద ప్రదర్శన జరిగింది. దాన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకరు టెరీ గ్రీవ్స్, కయోవా జాతి. ఆవిడ పనే కాన్వాస్ బూట్ల మీద పూసలు. పాత కథల్లోని మనుషులు, ఇప్పటి అమ్మమ్మలు, అందరూ ఆ బూట్ల మీద నడుస్తుంటారు.

కెనడా కళాకారుల్లో నాకు నచ్చింది నాడియా మైర్. ఇండియన్ యాక్ట్ అని అక్కడ ఆదివాసులు ఎవరో, ఎలా బతకాలో నిర్ణయించే చట్టం ఉంది, 1876 నుంచి. ఆ చట్టం 56 పేజీలు అచ్చు తీసి, అక్షరాలున్న చోట తెల్ల పూసలు, ఖాళీ ఉన్న చోట ఎర్ర పూసలు కుట్టింది. ఒక్కతే కాదు, రెండు వందల మందికి పైగా కలిసి కుట్టారు. ఇప్పుడు ఆ పేజీ చదవడానికి ఏమీ మిగల్లేదు, చూడడానికే.

రూత్ కట్‌హాండ్ అని ఇంకొకావిడ. సూక్ష్మదర్శినిలో మశూచి, ఇతర రోగాల క్రిములు ఎలా కనిపిస్తాయో అలా నల్లటి నేపథ్యం మీద పూసల్లో కుట్టింది. దూరం నుంచి భలే ముద్దుగా ఉంటాయి, రంగురంగుల ముగ్గుల్లా. దగ్గరికెళ్ళి పేరు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ వరసకి పెట్టిన పేరు "ట్రేడింగ్". పూసలూ వచ్చాయి, రోగాలూ వచ్చాయి, ఒకే ఓడలో.

బుల్లోడు గారి ప్రశ్నకి నాకు తెలిసిన మంచి జవాబు అదే బొమ్మ.

కాళహస్తి_మూర్తి | సెప్టెంబరు 25, ఉదయం 9:15

శ్రీ గారూ, ఆ 56 పేజీల సంగతి మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. చాలా బాగుంది.

మినియాపొలిస్_శ్రీ | సెప్టెంబరు 25, ఉదయం 9:40

మాస్టారూ, మీకోసం ఇంకోటి. మీరు వెనిస్ పూసలన్నారు కదా. 2024లో అదే వెనిస్‌లో జరిగే బియెనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో అమెరికా మంటపం మొత్తం జెఫ్రీ గిబ్సన్‌కి ఇచ్చారు. చాక్టా, చెరొకీ మూలాలున్న ఆయన. ఒంటరిగా అమెరికా తరఫున ఆ మంటపంలో ప్రదర్శించిన మొదటి ఆదివాసీ కళాకారుడు. పూసలు కప్పిన బొమ్మలు, పక్షులు, కళ్ళు జిగేల్‌మనే రంగులు. పూస బయల్దేరిన ఊరికే తిరిగెళ్ళింది, ఈసారి బేరం వేరు.

పద్మ_ఎడ్మంటన్ | సెప్టెంబరు 25, మధ్యాహ్నం 12:30

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా పాప హాలోవీన్‌కి ఈకల కిరీటం, పూసల డ్రెస్ కావాలని గొడవ. కాస్ట్యూమ్ షాపులో 25 డాలర్లకి ఉంది. కొననా?

తండా_బిడ్డ | సెప్టెంబరు 25, మధ్యాహ్నం 12:41

వద్దక్కా. పులి వేషమో, మంత్రగత్తో కొనివ్వండి. మనుషుల్ని వేషంగా వేసుకోవద్దు. పాపకి నచ్చింది పూసలే అయితే ఒక సూది, దారం, పూసల డబ్బా కొనిస్తే నెల రోజులు కదలదు.

సూదీదారం | సెప్టెంబరు 25, మధ్యాహ్నం 1:20

దానికి తోడు, పవ్వావ్‌లో వేసుకునేవాటిని "కాస్ట్యూమ్" అనకండి, రెగేలియా అంటారు. నేను ఒకసారి నోరు జారి చీవాట్లు తిన్నాను.

కొనేవాళ్ళకి ఒక జాగ్రత్త. అమెరికాలో 1990 నుంచి చట్టం ఉంది. ఆదివాసులు చేయనిదాన్ని వాళ్ళు చేసిందని చెప్పి అమ్మితే మొదటిసారికే రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ళ దాకా జైలు. అయినా "నేటివ్ స్టైల్", "ట్రైబల్ ఇన్‌స్పైర్డ్" అని రాసి తప్పించుకుంటారు. ఆ "స్టైల్" అన్న మాట కనిపిస్తే పేజీ మూసేయండి. కళాకారుడి పేరు, జాతి పేరు రెండూ ఉంటేనే ముందుకెళ్ళండి. పవ్వావ్‌లో, లేదా వాళ్ళ సొంత పేజీలో నేరుగా కొంటే ఇంకా మంచిది. బేరం మాత్రం ఆడకండి, మనవాళ్ళకి చేయి దురద.

బ్రాంప్టన్_బుల్లోడు | సెప్టెంబరు 25, సాయంత్రం 6:05

ఆ చివరి మాట నాకే అని అర్థమైంది.

వాణి_విన్నిపెగ్ | అక్టోబరు 19, రాత్రి 10:50

లేటుగా వస్తున్నాను, పూసల్లో మునిగిపోయి!

30వ తేదీన ఉత్త నారింజ చొక్కాతో వెళ్ళాను, కమ్మలు లేకుండా. పెద్దావిడ చూసి ఏమీ అనలేదు. మర్నాడు మాత్రం, మా కమ్యూనిటీ సెంటర్లో శనివారాలు పూసల క్లాసు చెప్తున్నాను, ఎవరైనా రావచ్చు, వస్తావా అన్నారు. మూడు వారాలు అయింది.

మొదటి రోజు పన్నెండు మందిమి. టేబుల్ మీద కాఫీ, బన్నాక్ రొట్టె, సీసా మూతల్లో పూసలు. పూసని వేళ్ళతో తీయకూడదట. సూది మొనతో మూతలో అలా పొడిస్తే నాలుగైదు ఎక్కేస్తాయి. నాకు గంటసేపు ఒక్కటీ ఎక్కలేదు, పక్కన కూర్చున్న పదేళ్ళ పిల్ల నవ్వుతూనే ఉంది. అందరికీ స్ట్రాబెర్రీ ఇచ్చారు. ఫెల్ట్ ముక్క మీద గీత గీసి, ముందు అంచు వరస, తర్వాత దాని లోపల ఇంకో వరస, అలా లోపలికి పోతూ ఉండాలి. మధ్యమధ్యలో ఒక పసుప్పచ్చ పూస, అది గింజ.

రెండో వారానికి నాది స్ట్రాబెర్రీ కాదు, సగం ఉడికిన బీట్‌రూట్‌లా తయారైంది. దారం బిగించేశానట, గుడ్డ ముడుచుకుపోయింది. అన్నీ విప్పదీయబోతే ఆవిడ ఆపారు. ఒకచోట ఎర్ర వరసలో పొరపాటున నారింజ పూస ఎక్కింది, అదైనా తీసేస్తానన్నాను. అది ఉండనీ అన్నారు. కావాలనే ఒక పూస తేడాగా కుట్టేవాళ్ళున్నారట, తప్పు లేనిది దేవుడి పని ఒక్కటే అని. పక్కనున్న ఇంకొకావిడ వెంటనే, "అదంతా కొనేవాళ్ళకి చెప్పే కథ, మా అమ్మమ్మ తప్పు కుడితే విప్పించేది" అంది. ఇద్దరూ పది నిమిషాలు వాదించుకున్నారు. నా నారింజ పూస మాత్రం ఉండిపోయింది.

సూదీదారం అక్కా, ఎలుక అడుగులు చూశాను! ఆవిడ మొకాసిన్ (మెత్తటి తోలు బూటు) మీద ఉన్నాయి, కాడకి రెండు పక్కలా. నువ్వు చెప్పకపోతే కళ్ళకి ఆనేవి కావు. మొకాసిన్ పైభాగం చూపిస్తూ ఇంకో సంగతి కూడా చెప్పారు. క్రిస్టీ బెల్‌కోర్ట్ అనే మేటీ కళాకారిణి, కనబడకుండా పోయిన, హత్యకి గురైన ఆదివాసీ స్త్రీల కోసం మొకాసిన్ పైభాగాలు కుట్టి పంపమని అడిగారట. పదిహేడు వందల జతలకి పైగా వచ్చాయి. వాటిని మొకాసిన్‌గా పూర్తి చేయలేదు, పైభాగాలు మాత్రమే నేల మీద వరసగా పరిచారు, పూర్తికాని బతుకులు కాబట్టి. ఆ మాట చెప్తున్నప్పుడు టేబుల్ దగ్గర ఎవరూ సూది ఎత్తలేదు. ఆవిడ కుట్టి పంపినదీ ఉందట అందులో. ఎవరి కోసమో నేను అడగలేదు.

తండా_బిడ్డా, మీ నాయనమ్మ కాంచళి ఇంకా ఉందా? ఉంటే ఫొటో పెట్టగలవా? ఆవిడకి చూపిస్తాను. గవ్వలు, పూసలు కలిపి కుడతారని చెప్తే ఎలా కుడతారని అడుగుతున్నారు, నాకేం తెలుసు!

తండా_బిడ్డ | అక్టోబరు 20, ఉదయం 8:15

ఉందక్కా, మా అమ్మ ట్రంకు పెట్టెలో. వచ్చే నెల ఊరికి వెళ్ళినప్పుడు తీస్తాను. ముందు వైపు, వెనక వైపు రెండూ. కుట్టు వెనక వైపే కదా కనిపించేది. ఆవిడకి మా నాయనమ్మ పేరు కూడా చెప్పండి, ఫొటోతో పాటు పంపుతాను.

వాణి_విన్నిపెగ్ | అక్టోబరు 20, ఉదయం 8:40

తప్పకుండా. మొదట అడిగేది అదే.

అక్కా, ఒక అర్జెంటు ప్రశ్న. ఈసారి 13 నంబరు పూసలు కొనేశాను ఉత్సాహంలో. 10 నంబరు సూది సగం పూసల్లో దూరడం లేదు. నెట్టితే పూస పగిలింది. ఏం చేయాలి?

సూదీదారం | అక్టోబరు 20, ఉదయం 9:02

12 నంబరు సూది తెచ్చుకో, అది ఇంకా సన్నం. నెట్టకు, దూరని పూసని పక్కన పెట్టి ఇంకోటి తీసుకో. పగిలిన ముక్కలు కార్పెట్‌లో పడితే చెప్పుల్లేకుండా తిరగకు, నా కాలికి ఇంకా మచ్చ ఉంది.